పలకరింపుకి రావద్దన్న ఇల్లు

మా వీధిలో ఎవరికైనా ఒంట్లో బాగోలేదంటే చాలు, మధ్యాహ్నానికల్లా ఆ ఇంటి గుమ్మం ముందు చెప్పులు గుట్టపడతాయి. చోడవరంలో పలకరింపుకి వెళ్ళకపోవడం చిన్న తప్పేం కాదు. పెళ్ళికి రాకపోతే ఏదో పని పడిందిలే అని సరిపెట్టుకుంటారు గానీ, జబ్బు చేసినప్పుడు గుమ్మం తొక్కని మనిషిని మాత్రం జన్మలో మర్చిపోరు. వచ్చినవాళ్ళు ఊరికే చూసి పోరు. మంచం పట్టె మీద కూర్చుంటారు. నుదుటి మీద చెయ్యి వేసి చూస్తారు. ఎవరి అల్లుడికో అచ్చం ఇలాగే వచ్చిందని ఒక కథ చెబుతారు. పళ్ళో బ్రెడ్డో పక్కన పెట్టి, టీ తాగి, మళ్ళీ వస్తామని చెప్పి వెళతారు.

అలాంటి వీధిలో, నా ఇంటి గుమ్మంలో నిలబడి, "ఎవులూ లోపలికి రావద్దు" అని చెప్పిన మొదటి మనిషిని నేను. ఆ మాట అన్నందుకు నాకు ఇప్పటికీ సిగ్గు లేదు. ఆ తర్వాత మా వీధి చేసిన పని తలుచుకుంటే మాత్రం గర్వంతో గుండె నిండిపోతుంది. అందుకే ఇది రాస్తున్నాను.

నేను బట్టలు కుడతాను. ముందు గదిలో మెషిన్, గోడకి అద్దం, కొక్కేలకి వేలాడే జాకెట్లు, అదే నా రాజ్యం. బుచ్చయ్యపేట నుంచి కూడా పెళ్ళి జాకెట్లు నా దగ్గరికే వస్తాయి. చంక దగ్గర ముడత లేకుండా కుట్టడం ఈ చుట్టుపక్కల నాకు వచ్చినట్టు ఇంకెవరికీ రాదని నేనే చెప్పుకుంటాను, ఎవరూ కాదనలేదు. నా మొగుడు మా మేనమామ కొడుకే. పెళ్ళికి ముందు బావే, పెళ్ళయ్యాకా బావే. బస్సు కండక్టరు. ఎక్కువగా చోడవరం నుంచి మాడుగుల వైపు వెళ్ళే సర్వీసులోనే పని చేశాడు కాబట్టి, ఆ దారిలో అతనికి తెలియని మనిషి లేడు. ఎవరి కూతురు ఏ ఊళ్ళో ఉందో, ఎవరి ఆవు ఈనిందో, ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారో, అన్నీ టిక్కెట్లతో పాటు చింపి ఇచ్చేసేవాడు.

అతనికి ఒక గొప్ప ఉండేది. జలుబు రాదు. వానాకాలం వస్తే ఇంటిల్లిపాదీ మూలుగుతూ పడుకుంటాం, బావ మాత్రం చన్నీళ్ళతో స్నానం చేసి, ఈల వేసుకుంటూ డ్యూటీకి పోతాడు.

"నా బస్సులో తుమ్మినోళ్ళందరూ నాకు టీకా ఏసినోళ్ళేనే" అనేవాడు. "లోకంలో ఉన్న జబ్బులన్నీ నా మీద ఒకపాలి రిహార్సల్ చేసుకుని పోయేయి."

నవ్వులాటకి అన్నా అందులో కొంత నిజం ఉందని తర్వాత అతనికి వైద్యం చేసిన డాక్టరమ్మే చెప్పింది. ఒకసారి చూసిన శత్రువు మొహం ఒళ్ళు మర్చిపోదట. మళ్ళీ వస్తే గుమ్మంలోనే పట్టుకుంటుందట. ఇన్నేళ్ళు ఇంతమంది మధ్య తిరిగిన మనిషి ఒళ్ళు ఎన్ని మొహాలు గుర్తుపెట్టుకుని ఉంటుందో. ప్రయాణికుల మొహాలు గుర్తుపెట్టుకున్నట్టే అనుకున్నాను.

అలాంటి మనిషికి మెడ పక్కన గడ్డ వచ్చింది. నొప్పి లేదు, సలుపు లేదు. చొక్కా కాలరు బిగుతుగా ఉందని నా దగ్గరికి తెచ్చి, "కొంచెం వదులు సెయ్యే" అన్నాడు. టేపు పెట్టి కొలిచిన నాకే మొదట అనుమానం వచ్చింది. కాలరు కొలత నాకు నిద్రలో కూడా తెలుసు. చొక్కా పెరగలేదు, తగ్గలేదు. పెరిగింది మెడ.

విశాఖపట్నం వెళ్ళాం. పరీక్షలు చేశారు, గడ్డలోంచి చిన్న ముక్క తీసి పంపారు. మాకు చెప్పిన డాక్టరమ్మ వయసులో నాకన్నా చిన్నది. మెత్తగా మాట్లాడుతుంది గానీ ఏదీ దాచదు. మన ఒంట్లో జబ్బుల మీద కాపలా కాసే కణాలుంటాయి, మెడలో, చంకల్లో, గజ్జల్లో వాటికి చిన్న చిన్న ఠాణాలుంటాయి, ఆ కాపలావాళ్ళలోనే కొందరు చెడి, లెక్క లేకుండా పెరిగిపోతున్నారు, అదే ఈ గడ్డ అంది. రక్తానికి సంబంధించిన క్యాన్సర్ అని పేరు కూడా చెప్పింది. మందుకి బాగా లొంగుతుందని కూడా అంది. నాకు మొదటి మాటే వినిపించింది. బావకి రెండో మాట వినిపించింది. అతనెప్పుడూ అంతే.

"మందు ఎక్కిస్తే చెడ్డవాళ్ళు చస్తారు" అంది డాక్టరమ్మ. "వాళ్ళతో పాటు మంచివాళ్ళూ పోతారు. డోసు ఎక్కించిన వారానికో, ఆ తర్వాతో తెల్లకణాలు బాగా పడిపోతాయి. మళ్ళీ పుట్టుకొస్తాయి గానీ, ఈలోపు కొన్నాళ్ళు ఆయన ఒంటికి కాపలా ఉండదు. మామూలు జలుబు చేసిన మనిషి పక్కన కూర్చున్నా ప్రమాదమే."

"అంటే ఇంటికి ఎవులూ రాకూడదా?" అని అడిగాను.

"రాకూడదు. ఆ రోజుల్లో మీ ఇంటి గుమ్మమే ఆయనకి చర్మం అనుకోండి."

మొదటి డోసు ఎక్కించాక ఇంటికి వచ్చాం. కొన్నాళ్ళకి రక్తపరీక్షకి మళ్ళీ వెళితే, కణాలు అనుకున్నట్టే పడిపోయాయని చెప్పింది. చెప్పి, బావని పైనుంచి కిందదాకా చూసింది. నోరు తెరిపించి చూసింది, చంకలు చూసింది, వేళ్ళ సందులు చూసింది. కుడి బొటనవేలి దగ్గర ఆగింది. గోరు పక్కన లేచిన తోలుని పంటితో లాగే అలవాటు బావకి చిన్నప్పటి నుంచీ ఉంది. అక్కడ చిన్నగా చీలి ఉంది.

"నొప్పి ఉందా?"

"సలుపుతంది మేడమ్."

ఆవిడ ఆ వేలిని అటూ ఇటూ తిప్పి చూసింది. ఎరుపు లేదు, వాపు లేదు. చక్కగా, తెల్లగా, ఏమీ జరగనట్టు ఉంది.

"ఏం లేదుకదమ్మా, శుభ్రంగా ఉంది" అన్నాను, నేనేదో మందు రాసి బాగుచేసినట్టు.

"శుభ్రంగా ఉండటమే నాకు నచ్చలేదు" అంది. "దెబ్బ తగిలిన చోట ఎర్రబడటం, వేడెక్కడం, వాయడం, చీము పట్టడం, ఇవన్నీ క్రిములు చేసే పనులనుకుంటాం. చాలావరకు మన ఒళ్ళు చేసే పనులు అవి. నెత్తురు అక్కడికి పరిగెత్తుకొస్తుంది, తెల్లకణాలు వచ్చి క్రిములతో కలబడతాయి, చస్తాయి. చీము అంటే ఎక్కువ భాగం అవే, పోరాడి చచ్చినవి. ఈయన వేలికి పరిగెత్తుకొచ్చేవాళ్ళు లేరు. అందుకే ఇంత శుభ్రంగా ఉంది."

నా చేతివేళ్ళు చూసుకున్నాను. సూది గుచ్చుకోని రోజు ఉండదు నాకు. గుచ్చుకున్న చోట సాయంత్రానికి ఎర్రగా కందుతుంది, మర్నాడు కొంచెం గట్టిపడుతుంది, ఆ మర్నాటికి ఏ వేలో కూడా గుర్తుండదు. ఇన్నేళ్ళూ ఆ ఎరుపుని చూసి విసుక్కున్నానే తప్ప, నా కోసం ఎవరో పరిగెత్తుకొచ్చారని ఎప్పుడూ అనుకోలేదు. కోపం వస్తే నీకు చీమూ నెత్తురూ లేవా అని బావని దులిపేసే నోరు నాది. ఆ తిట్టు ఆ పూట నాకే తగిలింది.

డాక్టరమ్మ ఇంకొక్క మాట మరీ మరీ చెప్పింది. చీము రాదు, వాపు రాదు, దగ్గినా కఫం రాదు, కాబట్టి లోపల ఏం జరుగుతున్నా మనకి తెలిపేది జ్వరం ఒక్కటే. జ్వరం వస్తే మాత్రం ఇంట్లో మాత్ర వేసి తగ్గించొద్దు, క్షణం ఆలస్యం చెయ్యకుండా తీసుకురండి. థర్మామీటరు కొనుక్కుని బస్సెక్కకుండా కారులో ఇంటికి వచ్చాం.

ఆ సాయంత్రమే నేను గుమ్మంలో నిలబడి ఆ మాట అన్నాను.

వీధి ముఖం మాడ్చుకుంది. మాడ్చుకోదా మరి. అందరికన్నా ఎక్కువ నొచ్చుకున్నది మా అత్త. మా మేనమామ భార్య, బావని కన్న తల్లి. ఆవిడకి ఎప్పటినుంచో దగ్గు. పొయ్యి ముందు పొగ మింగీ మింగీ పట్టుకున్న దగ్గు అని ఆవిడ అంటుంది, ఎందుకైనా మంచిది దూరంగా ఉంచమని డాక్టరమ్మ అంది. అత్త మంచం వసారాలో వేశాను. బావ గది గడప దాటొద్దని చెప్పాను.

"నా కొడుకుని నాను ముట్టుకోకూడదేటే?" అంది.

"కూడదత్తా."

ఆవిడ గడప ఇవతల పీట వేసుకుని, లోపలికి చూస్తూ కూర్చుంది. ఆవిడ తిట్టి ఉంటే నాకు సులువుగా ఉండేది.

మర్నాడు తెల్లవారుతూ ఉండగా వీధిలో చప్పుడయింది. బకెట్లు, చీపుళ్ళు, గుసగుసలు. తలుపు తీసి చూద్దును కదా, వీధి చివర గేదెలున్న పెద్దమ్మ, ఆవిడ వెనకాల నలుగురైదుగురు ఆడవాళ్ళు, మా ఇంటి ముందంతా చిక్కటి పేడనీళ్ళతో కళ్ళాపి చల్లుతున్నారు. గుమ్మానికి పేడ, అరుగుకి పేడ, కిటికీ పక్క గోడకి మనిషి ఎత్తున పేడ. రాత్రి వాళ్ళందరూ కూడబలుక్కున్నారట. లోపలికి పురుగు పోకూడదంది కదా, పురుగు చావాలంటే పేడని మించింది ఏముంది అనుకున్నారట. కోపం పక్కన పెట్టి, పెందలాడే లేచి, ఎవరింటి పేడ వాళ్ళు తెచ్చుకుని మరీ వచ్చారు.

ఇంటి చుట్టుపక్కల మట్టి, పేడ, కుళ్ళిన ఆకులు ఉండకూడదని, వాటిలో ఉండే బూజు గాల్లో లేచి ఊపిరితిత్తుల్లో చేరితే ఆ మనిషికి ఆపేవాళ్ళుండరని డాక్టరమ్మ నాకు చెప్పి పంపింది. నా నోరు ఊరుకుంటుందా? వీధి రెండు చివర్లా వినపడేలా అరిచాను.

పెద్దమ్మ బకెట్టు పట్టుకుని అలాగే నిలబడింది. "పేడ తప్పేటే? మా అమ్మ, మా మామ్మ అందరూ ఇదే సల్లేరు గదా."

"తప్పు కాదు పెద్దమ్మా. మనకి తప్పు కాదు. ఆయనకిప్పుడు ఒంట్లో ఏటీ లేదు. పసిగుంటడి కన్నా అన్నాయం."

అరవడం అరిచాను గానీ ఏడుపు ఆపుకోలేకపోయాను. పెద్దమ్మ నన్ను దగ్గరికి తీసుకోబోయి, తన చేతికున్న పేడ చూసుకుని ఆగిపోయింది. తర్వాత వెనక్కి తిరిగి, "సూస్తారేటే, నీళ్ళు తోడండి" అంది. ఎండ ఎక్కేదాకా వాళ్ళే నీళ్ళు మోసి, చల్లిందంతా కడిగారు. కడుగుతూ ఒకళ్ళనొకళ్ళు ఎత్తిపొడుచుకున్నారు, నవ్వుకున్నారు. ఆ మర్నాటి నుంచి నేను బావ బాగుపడేదాకా మా ఇంటి ముందు చీపురు పట్టుకోలేదు. మామూలు నీళ్ళతో, దుమ్ము లేవకుండా, ఎవరో ఒకరు కడిగి వెళ్ళేవారు.

పలకరింపు సంగతి తేల్చింది ఎదురింటి వదిన. వాళ్ళు చర్చికి వెళ్ళే కుటుంబం, మేము గుడికి వెళ్ళే కుటుంబం, అయినా బావ ఆవిడని అక్కా అంటాడు కాబట్టి నాకు వదిన. ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆవిడ ప్లాస్టిక్ కుర్చీ ఒకటి ఈడ్చుకొచ్చి, మా కిటికీకి ఎదురుగా రోడ్డుకి అవతల వేసుకుని కూర్చుంది.

"ఏటి వదినా?" అన్నాను.

"లోపలికి రావద్దన్నావు. రానేదు. రోడ్డు కూడా నీదేటి?"

నాకు నవ్వొచ్చింది. ఆవిడ నన్ను వదిలేసి కిటికీ వైపు చూసి గొంతెత్తింది. "కండక్టరు బాబూ, మాడుగులకి ఒక టిక్కెట్టు."

లోపల మంచం మీదనుంచి బావ గొంతు వచ్చింది. "సిల్లర ఉంటే ఎక్కు, నేపోతే దిగిపో."

వీధిలో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. మందు దెబ్బకి జుట్టు ఊడి గుండు అయ్యి, నోరంతా పూసి, మజ్జిగ కూడా మింగలేక అవస్థపడుతున్న మనిషి మొహంలో ఆ పూట నేను పాత బావని చూశాను. ఆ కుర్చీ ఇక అక్కడినుంచి కదల్లేదు. వచ్చినవాళ్ళు దానిమీద కూర్చుని, రోడ్డుకి అడ్డంగా అరుచుకుంటూ పలకరించి పోయేవారు. దేవరాపల్లి నుంచి వచ్చిన పెద్దాయన ఒకాయన తన చెరుకు తోట సంగతంతా అక్కడినుంచే చెప్పాడు, దారినపోయేవాళ్ళు కూడా ఆగి సలహాలిచ్చారు. బావతో డ్యూటీ చేసే డ్రైవరు రాలేకపోయిన రోజున మెయిన్‌రోడ్డు మీద మా వీధి మొదట్లో రెండుసార్లు హారన్ కొట్టి పోయేవాడు. "అదిగో, ఈరోజు కూడా ఆలస్యమే" అని బావ మంచం మీదనుంచే విసుక్కునేవాడు.

మాడుగుల వైపు నుంచి వచ్చినవాళ్ళందరూ పేరు మోసిన అక్కడి హల్వా తెచ్చేవారు. బయటి తిండి బావకి పెట్టకూడదు, తెచ్చినదాన్ని వెనక్కి ఇస్తే వాళ్ళు బాధపడతారు. అత్తా నేనూ మాత్రం ఎంతని తింటాం? వీధిలో పిల్లలు ఆ రోజుల్లో బుగ్గలు పెంచారు. నా జాకెట్లు నాకే పట్టడం మానేశాయి, చంకల కింద కుట్లు విప్పుకోవాల్సి వచ్చింది.

నా కాపలా అంతా గుమ్మం దగ్గరే. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి థర్మామీటరు పెడతాను, చేతులు కడగని మనిషిని గడప దాటనివ్వను, అంతటితో కోట కట్టేశాననుకున్నాను. రెండో డోసు తర్వాత కణాలు మళ్ళీ పడిపోయిన రోజుల్లో, ఎండలు మండిపోతున్నప్పుడు, ఒక మధ్యాహ్నం నేను మెషిన్ మీద ఉన్నాను. ఉదయం చూస్తే జ్వరం లేదు. అన్నం తిని, నిద్ర వస్తోందని బావ పడుకున్నాడు. అత్త గడప దగ్గర కునుకుతోంది. వదిన తన వేళకి కుర్చీలో కూర్చుని టిక్కెట్టు అడగడం నాకు వినపడింది. మెషిన్ ఆపలేదు.

కాసేపటికి ముందు గది కిటికీ ఊచల దగ్గర నీడ పడింది. వదిన. ఇన్నాళ్ళలో ఆవిడ రోడ్డు దాటి రావడం అదే మొదటిసారి. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని ఉంది.

"ఒసే, మీ ఆయన సిల్లర అడగనేదే."

"నిద్దరోతున్నాడేమో వదినా."

"నిద్దర కాదు. ఊ అన్నాడు. ఇంత ఎండలో దుప్పటి మెడదాకా లాక్కున్నాడు. ముందు లోపలికెళ్ళి సూడు."

సూది గుడ్డలోనే వదిలేసి లేచాను. బావ దుప్పటి కింద ముడుచుకుని ఉన్నాడు. పళ్ళు కొట్టుకుంటున్నాయి. నన్ను చూసి, "ఏటీ నేదే, కొంచెం సలేస్తంది. మళ్ళీ ఆస్పత్రి అనకు" అన్నాడు. థర్మామీటరు పెట్టాను. అది కూసేదాకా నాకు ఊపిరాడలేదు. అంకె చూశాక డాక్టరమ్మ చెప్పిన గీత ఎప్పుడో దాటిపోయిందని తెలిసింది.

అత్త అప్పటికే లేచి, తలగడ కింద దాచుకునే జ్వరం మాత్ర తీసి, గడప అవతలినుంచి చెయ్యి చాపి ఉంది. "ఇదెయ్యే, గంటలో సెమట పడతాది." మా ఇళ్ళలో ఏ జ్వరానికైనా మొదట చేసే పని అదే. నేనూ ఎన్నోసార్లు చేశాను.

"వద్దత్తా. జ్వరం ఒక్కటే గదా మనకి నిజం సెప్పేది. దాని నోరు నొక్కేస్తే ఆవిడకేటి తెలుస్తాది?"

అత్త చెయ్యి వెనక్కి తీసుకుంది. వదిన వాళ్ళాయన కారు తీసి గుమ్మం ముందు పెట్టాడు. బావని పట్టుకుని బయటికి తీసుకొచ్చినప్పుడు చూశాను, వీధంతా బయటికి వచ్చేసింది. మామూలుగా అయితే కారు చుట్టూ మూగేవారు, చేతులు పట్టుకునేవారు, ఒక ఏడుపు లేచేది. ఆ రోజు ఒక్కరు దగ్గరికి రాలేదు. కొంగులు, తువ్వాళ్ళు నోటికి అడ్డం పెట్టుకుని, రెండు పక్కలా గోడలకి ఆనుకుని, మధ్యలో దారి ఇచ్చి నిలబడ్డారు. పెద్దమ్మ తన గేదెల్ని కూడా రోడ్డు మీదనుంచి తోలేసింది. వాళ్ళని చూసి, ఇది నా వీధి అనుకున్నాను.

సబ్బవరం మీదుగా విశాఖపట్నం చేరేదాకా బావ నా భుజం మీద తల పెట్టి కాగిపోతూనే ఉన్నాడు. ఆ వేడి నా జాకెట్టులోంచి ఒంటికి తగులుతోంది. భయంతో చచ్చిపోతున్నాను, అయినా ఒక్క సంగతి నన్ను పట్టి నిలబెట్టింది. కాపలావాళ్ళు లేకపోయినా ఈ ఒళ్ళు ఊరుకోలేదు. చేతిలో ఏ ఆయుధమూ లేనప్పుడు కూడా తనని తాను మండించుకుని కేక వేసింది.

వెళ్ళగానే రక్తం తీశారు, నరంలోకి మందు ఎక్కించారు. డాక్టరమ్మ వచ్చి, "రేపటిదాకా ఆగి ఉంటే నా చేతుల్లో ఉండేది కాదు" అంది. "ఉదయం లేదన్నారు కదా, మధ్యాహ్నం ఎలా కనిపెట్టారు?"

"చిల్లర అడగలేదండి" అన్నాను.

ఆవిడకి అర్థం కాలేదు. నేను మొత్తం చెప్పాక మా కిటికీ గురించి, కుర్చీ గురించి మళ్ళీ మళ్ళీ అడిగింది.

జ్వరం వెంటనే దిగలేదు. మందు మార్చారు. ఒక పూట తగ్గినట్టే తగ్గి మళ్ళీ లేచేది. కణాలు ఇంకా పుట్టలేదు, పుడితేనే గట్టెక్కుతాడు, మందు ఒక్కటే ఎంతని మోస్తుంది అని నర్సులు మాట్లాడుకోవడం విన్నాను. నాకు చేతనైంది ఏమీ లేదు. రోజూ తెల్లవారగానే, మధ్యలో మానినా బావ మళ్ళీ పంటితో లాగి చీల్చుకున్న ఆ బొటనవేలు పట్టుకుని చూసేదాన్ని. అది అలాగే తెల్లగా, శుభ్రంగా ఉండేది. శుభ్రమంటే నాకు అసహ్యం పుట్టింది.

ఒక ఉదయం బావే నన్ను లేపాడు. "ఒసే, ఏలు సలిపేస్తందే. రాత్రంతా నిద్దర నేదు."

పట్టుకోబోతే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. చూశాను. గోరు చుట్టూ ఎర్రగా కందిపోయి, వేలు బుర్రలా వాచి, పక్కన చిన్న పసుపుపచ్చటి మొన తేలి ఉంది. గోరుచుట్టు. నిండా చీము. పెళ్ళి జాకెట్టుకి నేనే కుట్టిన జరీ మొగ్గని కూడా అంత మురిపెంగా చూసుకుని ఉండను. పరిగెత్తుకెళ్ళి నర్సుని పిలిచాను. నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో ఆ పిల్లకి తెలియక కంగారుపడింది.

డాక్టరమ్మ వచ్చి, వేలు తిప్పి చూసి, నా వైపు చూసి నవ్వింది. "రక్తం రిపోర్టు మధ్యాహ్నానికి వస్తుంది. ఈయన వేలు ముందే చెప్పేసింది. వచ్చేశారమ్మా, మీవాళ్ళు వచ్చేశారు."

మధ్యాహ్నం రిపోర్టు అదే చెప్పింది. సాయంత్రానికి జ్వరం దిగడం మొదలుపెట్టింది. ఆ మనిషి ఎముకల లోపల, ఎవరూ చూడని చోట, విషం లాంటి మందు తిన్న తర్వాత కూడా మళ్ళీ కాపలావాళ్ళని కని, పెంచి, పంపింది ఆ ఒళ్ళు. వాళ్ళు పుట్టగానే చేసిన మొదటి పని ఎప్పటినుంచో ఎదురుచూస్తున్న ఆ చిన్న గాయం దగ్గరికి పరిగెత్తుకెళ్ళి చావడం. నా మొగుడి గురించి నాకు అంత గర్వం ఎప్పుడూ కలగలేదు. అతనేమీ చెయ్యలేదు, మూలుగుతూ పడుకున్నాడు, ఆ సంగతి నాకు తెలుసు. అయినా కలిగింది.

వదినకి ఫోన్ చేశాను. "బావకి గోరుచుట్టు లేచింది వదినా."

"గోరుచుట్టు లేత్తే సంబరమేటే?" అంది. విడమరిచి చెప్పాను. ఫోన్లోనే ప్రార్థన చేసింది, ఆమెన్ అని నేను కూడా అన్నాను.

మేము తిరిగొచ్చేసరికి మా కిటికీ గట్టు నిండా నిమ్మకాయలు. గోరుచుట్టు లేస్తే నిమ్మకాయకి చిల్లు పెట్టి వేలికి తొడుగుతారు మా వైపు. వదిన వీధంతా చాటింది, ఇంటికొకటి తెచ్చి పెట్టి వెళ్ళారు. డాక్టరమ్మ అప్పటికే మొన తెగ్గొట్టి, మందు రాసి, కట్టు కట్టి పంపింది కాబట్టి ఆ నిమ్మకాయలతో వేలికి పని లేదు. పెద్ద గిన్నెలో షర్బత్ కలిపి వీధికి పంచాను.

ఆ తర్వాత ఇంకా డోసులు పడ్డాయి, ఇంకా భయాలు పడ్డాం. ఇప్పుడు బావ మళ్ళీ డ్యూటీకి వెళుతున్నాడు. ఆ బొటనగోరు కొంచెం వంకరగా పెరిగింది, ఎవరైనా అడిగితే చాలు, మాడుగుల దాకా కథ చెబుతాడు.

నాకు మాత్రం ఆస్పత్రి నుంచి తిరిగొచ్చిన ఆ సాయంత్రమే కళ్ళముందు ఉంటుంది. కణాలు బాగా పెరిగాయి, అత్త ఛాతీకి ఫోటో తీయించాం, దగ్గులో భయం లేదన్నారు, తర్వాతి డోసు దాకా మాస్కు పెట్టుకుని, చేతులు కడుక్కుని దగ్గర కూర్చోవచ్చు అన్నారు. అత్త యథాప్రకారం గడప ఇవతల పీట మీద కూర్చుని ఉంది.

"ఎల్లత్తా. ముట్టుకో" అన్నాను.

ఆవిడ నమ్మలేదు. నా మొహం చూసింది, మళ్ళీ లోపలికి చూసింది. లేచి కొళాయి దగ్గరికి వెళ్ళి, సబ్బు పెట్టి చేతులు కడిగింది. మోచేతుల దాకా కడిగింది. తుడుచుకుని వచ్చి, గడప దగ్గర ఆగి, ఎందుకో మళ్ళీ వెనక్కి వెళ్ళి ఇంకోసారి కడుక్కుంది. అప్పుడు మాస్కు పెట్టుకుని, గడప దాటి, మంచం పట్టె మీద కూర్చుని, కట్టు కట్టిన ఆ బొటనవేలిని రెండు చేతుల మధ్య పెట్టుకుంది. చాలాసేపు దాన్నే చూసింది.

"టిక్కెట్టు తీసుకున్నావేటమ్మా?" అన్నాడు బావ.

మా అత్త జన్మలో ఎవరితోనూ వేళాకోళం ఆడిన మనిషి కాదు.

"సిల్లర నేదురా బాబూ" అంది. "దింపేస్తావేటి?"

బావ ఆవిడ చేతులు అలాగే పట్టుకుని ఉండిపోయాడు.